సాతపడాలో ఇంజను ఆపే పడవే ఎక్కండి

ఒడిశాలోని బరంపురంలో మా ఇంటికి శ్రీకాకుళం నుంచో విశాఖ నుంచో చుట్టాలు వస్తే, తారాతారిణి దర్శనం అయ్యాక అడిగేది చిలికా సరస్సు డాల్ఫిన్ల గురించే. రంభ దగ్గర కదా, అక్కడికే పోదామంటారు. రంభ చాలా అందమైన చోటు, మా గంజాం జిల్లాలోనే ఉంది. కానీ డాల్ఫిన్ల కోసమైతే సరస్సుకు పూరీ వైపున్న సాతపడాకే వెళ్లాలి. సముద్రపు నీరు సరస్సులోకి వచ్చే కాలువ అటు వైపు ఉంది. అవి ఎక్కువగా తిరిగేది ఆ కాలువలోనే.

అందరూ పూరీ మీదుగా వెళ్తారు. మా వైపు నుంచి వెళ్లేవాళ్లకు పాలూరు దారి నయం. గంజాం ఊరి దగ్గర హైవే దిగి పాలూరు, మాలూద్, కృష్ణప్రసాద్ దాటితే జన్హికుడా రేవు వస్తుంది. దారి పొడుగునా ఒకవైపు సరస్సు, మరోవైపు ఇసుక మెట్టల వెనక సముద్రం. ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టోలెమీ రాసిన పలూర రేవు ఈ పాలూరేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. జన్హికుడా నుంచి సాతపడాకు ఫెర్రీ ఉంది, బైకులు, కార్లు కూడా ఎక్కించుకుంటుంది. ఎప్పుడు పడితే అప్పుడు ఉండదు కాబట్టి టైమింగులు ముందే కనుక్కోవాలి. దారిలో చెప్పుకోదగ్గ హోటల్ లేదు, టిఫిన్ చేసే బయలుదేరండి. ఫెర్రీలో రెయిలింగు పక్కన నిలబడితే ఒక్కోసారి అక్కడే డాల్ఫిన్ కనిపిస్తుంది.

సాతపడాలో పడవ మొత్తానికి అద్దె, మనిషికింత అని కాదు. ఇద్దరే అయితే భారమే, ఇంకో కుటుంబంతో కలిస్తే సరిపోతుంది. లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి, ఇచ్చేదాకా ఎక్కకండి. అసలు సంగతి సరంగుతో, అంటే పడవ నడిపేవాడితో, మాట్లాడుకోవడం. ఒకసారి మేం ఎక్కిన పడవ ఎక్కడ వీపు కనిపిస్తే అక్కడికి ఉరికింది. చుట్టుపక్కల పడవలూ అటే వచ్చాయి. డీజిల్ పొగ, ఇంజన్ల మోత, అందరి చేతుల్లో ఫోన్లు. డాల్ఫిన్ మళ్లీ పైకి రాలేదు. మా పిల్లలు దిగులుపడ్డారు. నాకైతే కోపమే వచ్చింది.

ఆ తర్వాత వెళ్లినప్పుడు రేవులోనే వయసు మళ్లిన ఒక సరంగును వెతుక్కుని, వెంటబడొద్దు, ఇంజను ఆపి కూర్చుందాం అని ఒడియాలో బతిమాలాను. ఆయన ముఖం వెలిగిపోయింది. కాలువలో ఒక చోట ఇంజను కట్టేసి, వెదురు గడ నేలకు గుచ్చి పడవను నిలిపాడు. కాసేపటికి వెనక నుంచి ఫుస్‌మని ఊపిరి వదిలిన చప్పుడు. తిరిగి చూసేసరికి బూడిద రంగు గుండ్రటి తల, పొడుచుకొచ్చిన ముక్కు లేని నున్నటి ముఖం, నీళ్లు కారుతున్న వీపు మీద వేలెడంత కనిపించే రెక్క. మునిగింది. మళ్లీ కాస్త దూరంలో లేచింది, ఈసారి పక్కన పిల్ల కూడా ఉంది. గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టే రకం కాదు ఇది. టీవీలో చూసిన విన్యాసాలు ఆశించి వెళ్తే నిరాశే.

వీటిని ఇరావడి డాల్ఫిన్లు అంటారు. పేరు బర్మా నదిది గానీ, శాస్త్రవేత్తలు ఈ జాతిని మొదట గుర్తించింది మన తీరంలోనే. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన నమూనా ఆధారంగా 1866లో బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ దీన్ని వర్ణించాడు. విశాఖ చుట్టాలకు ఈ మాట చెబితే డాల్ఫిన్‌ను చూసే చూపే మారిపోతుంది. ఇప్పుడు చిలికాలో ఉన్నవి 150 అటూ ఇటూ. ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి.

చిలికా లోతు తక్కువ. చాలాచోట్ల మనిషి నిలబడితే తల పైకి ఉంటుంది. డాల్ఫిన్ ఊపిరి కోసం పైకి రాక తప్పదు, పడవలు తిరిగేదీ ఆ ఇరుకు కాలువలోనే. ప్రొపెల్లర్ దెబ్బ తగిలితే చచ్చిపోవచ్చు. దెబ్బ తగలకపోయినా మోతతో బాధే. బురద నీళ్లలో అది చెవితోనే చూస్తుంది, తాను చేసిన శబ్దం చేపకు తగిలి తిరిగొస్తేనే వేట. అందుకే సరంగు ఇంజను ఆపడం మీద ఇంత పట్టుబడుతున్నాను. బర్మాలో ఇదే జాతి జాలర్లతో కలిసి వేటాడుతుంది. పడవ అంచు మీద కర్రతో తట్టి పిలిస్తే చేపలను వల వైపు తోలుకొస్తుంది. మనిషి మీద అంత నమ్మకం పెట్టుకోగల ప్రాణిని మనం తరుముతున్నాం.

రాజహంస దీవి దగ్గర దింపి ఎర్ర పీతలు చూపిస్తారు. అవి బాగుంటాయి, పిల్లలకు సరదా. పక్కనే ముత్యపు చిప్పలు పగలగొట్టి అప్పటికప్పుడు ముత్యం తీసిచ్చేవాళ్ల దగ్గర మాత్రం ఏమీ కొనకండి. ఆ ముత్యం చిప్పలో పెరిగింది కాదు.

బసకు నా ఓటు రంభకే. సాతపడాలో గదులు కొద్దే, సాయంత్రం అయితే ఊరు మాటుమణుగుతుంది. రంభలో ప్రభుత్వ పాంథనివాస్ సరస్సు ఒడ్డునే ఉంది. గదులు పాతబడ్డాయి, సర్వీసు నెమ్మది. అయినా పొద్దున వరండాలోకి వస్తే ఎదురుగా నీళ్లు, దూరాన బ్రేక్‌ఫాస్ట్ దీవి. చిలికా పీత కూర అక్కడ తప్పక తినాలి. సరస్సు ఒడ్డునే ఉన్న బర్కుల్‌లో సదుపాయాలు మెరుగే గానీ, దీవిలోని కాళీజాయి గుడికి వెళ్లే రద్దీ ఎక్కువ.

సముద్రపు డాల్ఫిన్ల సంగతి వేరే, దానికి బరంపురం దగ్గర సముద్రం ఒడ్డునున్న గోపాలపురం (గోపాల్‌పూర్) ఉంది. అక్కడి జాలర్లు చాలామంది మన తెలుగువాళ్లు, ఇంట్లో తెలుగే. పెద్ద ఓడ నీటిని చీలుస్తూ పోతుంటే ముందు భాగంలో నీరు తోసుకొస్తుంది. సముద్రపు డాల్ఫిన్లు ఆ తోపుడు మీదకెక్కి, తోక పెద్దగా ఆడించకుండానే సాగిపోతాయి. చిలికావి అలా ఓడల దగ్గరికి రావు, బిడియం ఎక్కువ. న్యూజిలాండ్‌లో 1888 నుంచి 1912 దాకా ఓడలకు ఎదురొచ్చి తోడు నడిచిన పెలోరస్ జాక్ అనే డాల్ఫిన్‌ను కాపాడటానికి 1904లో అక్కడి ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వే ఇచ్చింది.

గోపాలపురం ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయనను డాల్ఫిన్ వలలో పడితే ఏం చేస్తారని అడిగాను. "కోసి వదిలేత్తాం బాబూ. నీటి మీదకి రాకపోతే ఊపిరాడక సచ్చిపోద్ది గదా. వల పోతే మళ్లీ అల్లుకుంటాం" అన్నాడు. అల్లడమంటే రోజుల పని, నూలు ఖర్చు వేరే. కోసిన వల ఖరీదు ఆయన జేబులోంచి పోకూడదు, అది ప్రభుత్వం కట్టాలి.

గోపాలపురంలో బీచ్ ఎదుటి హోటళ్లలో సీజన్‌లో రేట్లు బాగా పెంచేస్తారు, వారం మధ్యలో బేరం కుదురుతుంది. జాలర్ల తెప్ప మీద లోపలికి తీసుకెళ్లమని మాత్రం అడగకండి, అవి షికారు పడవలు కావు. తెల్లారకముందే ఒడ్డుకు వెళ్తే వేట నుంచి వచ్చేవాళ్లు ఆ రాత్రి ఎక్కడ డాల్ఫిన్లు కనిపించాయో చెబుతారు. చేపలు కూడా అప్పుడే కొనుక్కోండి, ఎనిమిది దాటితే మంచివి మిగలవు.