వారమంతా లైవ్ పాటలే: హైదరాబాద్ హాళ్ళకి నా మార్కులు

హైదరాబాద్‌లో ఏ కచేరీకి వెళ్దామని ఎవరైనా అడిగితే మామూలుగా పాడేవాళ్ళ పేరు చూసి చెప్తాం. నన్నడిగితే మాత్రం ఆ రోజు సౌండ్ సర్దే మిక్సర్ దగ్గర ఎవరు కూర్చుంటున్నారో కనుక్కోమంటాను. నవంబర్ ఆఖరు, చలి అప్పుడే మొదలైంది, పెళ్ళిళ్ళూ కచేరీలూ ఒకేసారి ఊరి మీద పడే సీజన్, అందుకని ఆఫీసు అవగానే ఇంటికి పోకుండా సోమవారం నుంచి ఆదివారం దాకా రోజుకో చోట కూర్చున్నాను. పాడేవాళ్ళకి ఈ ఊళ్ళో కరువు లేదు, వాయించేవాళ్ళకి అసలే లేదు. వాళ్ళు పాడింది మన చెవిదాకా సరిగ్గా చేర్చేవాళ్ళే తక్కువ. టికెట్ రేటుకీ వినిపించేదానికీ సంబంధం లేదు, ఇంకా చెప్పాలంటే ఉల్టా. అందుకే ఇక్కడ మార్కులు వేసేది హాలుకీ, సౌండుకీ, పోయి రావడానికి పడ్డ పాట్లకీ. కళాకారులకి మార్కులు వేసేంత వాణ్ణి కాను.

సోమవారం రవీంద్రభారతి. ఠాగూర్ శతజయంతి ఏడాది, 1961లో తెరిచిన హాలు, వెయ్యి మందికి పైగా పడతారు, అయినా వెనక వరసల్లో కూర్చున్నా వేదిక మరీ దూరం అనిపించదు. లక్డీకాపూల్ గానీ అసెంబ్లీ గానీ మెట్రో దిగి నడిచిపోవచ్చు, బండి ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ లేదు. ఆ రోజు కర్ణాటక గాత్ర కచేరీ, టికెట్ లేదు. సౌండ్ చూసినాయన వయసులో పెద్దాయన. కచేరీకి ముందే వచ్చి, గాయని చేత కింద స్థాయిలో నాలుగు స్వరాలు, పై స్థాయిలో నాలుగు స్వరాలు పాడించుకుని, వయొలిన్‌ని ఒంటరిగా విని, తర్వాత కచేరీ అయ్యేదాకా దాదాపు దేన్నీ ముట్టుకోలేదు. ఖరహరప్రియ రాగం ఆలాపనలో ఆవిడ గొంతు బాగా తగ్గించి రిషభం, అంటే 'రి' స్వరం మీద నిలబడ్డప్పుడు ఆ ఊపిరి కూడా వినిపించింది, ఏసీ హోరు మీద. ఏసీ గురించి ఒక మాట, శాలువా తీసుకెళ్ళండి, వేదిక మీద కప్పేదాకా ఆగక్కర్లేదు. పదికి ఎనిమిది.

మంగళవారం కథే వేరు. పాత సినిమా పాటల కార్యక్రమం, ఏ హాలో చెప్పను, ఎందుకంటే ఈ తంతు ఊళ్ళో చాలా హాళ్ళలో ఇలాగే ఉంటుంది, ఒక్కరి మీద వేయడం అన్యాయం. కార్డులో సాయంత్రం అయిదున్నర. నేను బుద్ధిగా అయిదూ ఇరవైకే వెళ్ళి కూర్చున్నాను, హాల్లో కుర్చీలు తుడుస్తున్నారు. ఆరున్నరకి జ్యోతి ప్రజ్వలన. ఆ తర్వాత వేదిక మీదకి సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, వీళ్ళందరినీ ఒక్కొక్కరినీ పేరు పేరునా పిలిచి, ప్రతి పేరుకీ ముందు రెండు బిరుదులు చదివి, బొకే ఇచ్చి, ఫొటో తీసి. ఆత్మీయ అతిథికీ విశిష్ట అతిథికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు, మాట్లాడిన టైము మాత్రం ఇద్దరిదీ ఒకటే. తలా రెండే రెండు నిమిషాలు అని మొదలుపెట్టి పావుగంట. మధ్యలో శ్రోతలు జారుకోకుండా ఒక పాట, మళ్ళీ సన్మానం, మళ్ళీ ఒక పాట. శాలువా కప్పేటప్పుడు ఫొటోగ్రాఫర్‌కి ఫ్రేమ్ కుదరలేదని విప్పి మళ్ళీ కప్పారు.

ఇంత ఓర్చుకున్నాక దొరికిన పాట ఎలాంటిదో చెప్పకపోతే పాపం తగులుతుంది. బ్యాంకులో రిటైరైన ఒకాయన, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చేతిలో సాహిత్యం రాసుకున్న చిన్న డైరీ ఉన్నా దాన్ని చూడకుండా ఘంటసాల పాటొకటి ఎత్తుకున్నారు. ఆ పల్లవిలో ఒక్క మాట దగ్గర చిన్న విరుపు ఉంటుంది, రికార్డు వెయ్యిసార్లు విన్నవాడికే తెలిసే విరుపు, అది అచ్చు అలాగే పడింది. పక్క సీట్లో ముసలమ్మ 'అదీ!' అంది పైకే. అంతలో మిక్సర్ దగ్గరి కుర్రాడికి ఏమనిపించిందో ఎకో పెంచాడు. ఇక ప్రతి మాటా మూడేసి సార్లు. నేను ఆగలేక వెళ్ళి చెవిలో అడిగాను: "తమ్ముడూ, ఆ ఎకో కొంచెం తగ్గిస్తావా?" తల తిప్పకుండానే, "ఘంటసాల పాటకి ఎకో లేకపోతే ఫీల్ రాదన్నా" అన్నాడు. ఆర్కెస్ట్రా కూడా లేదు, లాప్‌టాప్‌లో ట్రాక్ వేసి పాడించారు, అది గాయకుడి శ్రుతికి సగం మెట్టు పైన ఉంది. గాయకులకి వందనం, నిర్వహణకి పదికి మూడు. ఆ మూడూ బయట బండి మీద మిరపకాయ బజ్జీలకి.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అక్కడ ఇలాంటి పాటల సాయంత్రాలు ఏడాది పొడుగునా నడుస్తూనే ఉంటాయి, చాలావాటికి టికెట్ ఉండదు, చిక్కడపల్లి మెట్రో దగ్గరే. కొత్తగా పాడేవాళ్ళకి ఈ ఊళ్ళో మొదటి మైకు ఇచ్చేది ఎక్కువగా ఇలాంటి చోట్లే కాబట్టి ఆ ఓపిక మనకీ ఉండాలి.

బుధవారం బంజారాహిల్స్ లామకాన్. మొయిద్ హసన్ అనే ఫొటోగ్రాఫర్ ఇల్లు అది, 2010లో అందరికీ తెరిచారు, రాళ్ళ మధ్య చెట్ల కింద ఆరుబయట వేదిక. ఒక కుర్రాడు గజళ్ళు పాడాడు, హార్మోనియం తనే వాయించుకుంటూ, పక్కన తబలా. స్పీకర్లు చిన్నవి, తబలా మీద వేలు ఎక్కడ పడిందో తెలిసేంత వరకే పెట్టారు. రోడ్డు మీంచి హారన్లు వస్తాయి, వాటిని ఏమీ చెయ్యలేం. చాయ్, సమోసా రేటు ఇప్పటికీ మన జేబుని చూసి పెట్టినట్టే ఉంటుంది, ఆ ఏరియాలో అదొక వింత. మెట్ల మీద కూర్చోవాలి, నడుం నొప్పి ఉన్నవాళ్ళు కుర్చీ ముందే పట్టుకోండి. తొమ్మిది.

ఇక గురువారం. నాంపల్లి యూసుఫైన్ దర్గా. గురువారం రాత్రి ఖవ్వాలీ ఉంటుందని ఊళ్ళో అందరికీ తెలుసు, వెళ్ళేవాళ్ళు మాత్రం కొందరే. వెళ్ళేటప్పుడు తల కప్పుకోవడానికి రుమాలు ఉంచుకోండి, చెప్పులు బయట. హాలు లేదు, టికెట్ లేదు, ఎంట్రీ పాస్ లేదు, గులాబీల వాసనా ఊదు పొగా తప్ప డెకరేషన్ కూడా లేదు. నేల మీద కూర్చుని హార్మోనియం, ఢోలక్, వెనక చప్పట్లు కొట్టే నలుగురు. నాకు ఉర్దూ సగమే అర్థమవుతుంది, ఆ సగం చాలు.

నా ముందు ఒక పెద్దాయన, చేతికర్ర పక్కన పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఒక పాదం దగ్గర ఆయన చెయ్యి దానంతట అదే లేచింది. ఖవ్వాల్ అది చూశాడు. అంతే, పాట ముందుకు పోలేదు. అదే సగం పాదం, మళ్ళీ అదే, ఒకసారి గొంతెత్తి, ఒకసారి మెత్తగా, ఒకసారి చప్పట్లు ఆపించి ఉత్త గొంతుతో, ఆ పెద్దాయన ముఖం మీదే చూపు పెట్టి తిప్పి తిప్పి పాడాడు. ఆయన కళ్ళు తుడుచుకుని, జేబులోంచి నోటు తీసి ముందుకి జరిగి హార్మోనియం దగ్గర పెట్టి వెనక్కి వచ్చి కూర్చున్నాక గానీ తర్వాతి పాదం ఎత్తుకోలేదు. వినేవాడి స్థితిని చూసి పాట నడపడం ఖవ్వాలీలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, ఈ ఊరికి అందులో పేరు కూడా ఉంది, పద్మశ్రీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఇక్కడివారే, ఆయన మనవలు వార్సీ బ్రదర్స్ ఇప్పుడు దేశదేశాలు తిరిగి పాడుతున్నారు. కానీ చదవడం వేరు, రెండు గజాల దూరంలో కూర్చుని చూడడం వేరు. సౌండ్ సిస్టమ్‌కి మార్కులు వేద్దామంటే దాని సంగతే గుర్తు లేదు. పదికి పది అని వేస్తే దర్గాకి మార్కులేమిటని మా అమ్మ తిట్టింది, కాబట్టి వెయ్యను.

శుక్రవారం జూబ్లీహిల్స్ వైపు ఒక కేఫ్‌లో బ్యాండ్. నలుగురు కుర్రాళ్ళు, మన జానపదాల్ని గిటార్ మీద ఎక్కించి బాగానే వాయించారు, ముఖ్యంగా ఆ బేస్ గిటార్ పిల్ల. అయితే అంత చిన్న గదిలో డ్రమ్స్‌కి కూడా మైకులు పెట్టాలా? గొంతు ఎక్కడా వినపడలేదు. కవర్ చార్జ్ తిండిలో సర్దుతామన్నారు, మెనూ చూశాక ఆ సర్దుబాటు ఎవరికి లాభమో అర్థమైంది. పైగా గోడ మీద టీవీలో మ్యాచ్. పాట మధ్యలో సిక్స్ పడితే చప్పట్లు, అవి తమకే అనుకుని గాయకుడు థాంక్యూ హైదరాబాద్ అన్నాడు. నాలుగు.

శనివారం పెద్ద షో. వేల మంది పట్టే ఆరుబయలు మైదానం, ఐటీ ఏరియా వైపు, అంతకన్నా ఆనవాళ్ళు ఇవ్వను. సినిమా గాయకుడి పేరు కూడా అనవసరం. టికెట్ 500 దాటితే జీఎస్టీ పడుతుంది, అందుకే చిన్న ప్రోగ్రాములన్నీ 499 దగ్గర ఆగుతాయి, దీనికి ఆ మొహమాటాలు లేవు. గోల్డ్, ప్లాటినం, ఫ్యాన్ పిట్ అని రకాలు, మీద జీఎస్టీ, ఆ మీద బుకింగ్ ఫీజు. నీళ్ళ సీసా గేటు దగ్గర లాక్కున్నారు, లోపల అదే సీసా వంద రూపాయలు. గోల్డ్ అంటే స్తంభం వెనక అని టికెట్ మీద ఎక్కడా రాసి లేదు. మా తమ్ముడు 'స్క్రీన్ మీద కనిపిస్తోంది కదా' అని సర్దిచెప్పాడు, స్క్రీన్ మీద చూడటానికైతే ఇంట్లో సోఫా ఉంది.

సౌండ్ గురించి ఏం చెప్పమంటారు. బేస్ కొట్టినప్పుడల్లా గుండెలో దడ, మాటలు మాత్రం గాలికి అటూ ఇటూ పోయాయి. కొన్ని పాటల్లో మైకు నోటికి దూరం పోయినా గొంతు తగ్గలేదు, అర్థం చేసుకోండి. రాత్రి పదికల్లా లౌడ్‌స్పీకర్లు ఆపాలి కాబట్టి ఆలస్యంగా మొదలైన షోకి కోత పడింది, అందరూ ఎదురుచూస్తున్న రెండు హిట్లు కలిపి ఒక మెడ్లీ చేసి దండం పెట్టేశాడు. తర్వాత పార్కింగ్‌లోంచి బయటపడేసరికి షోలో సగం టైము పట్టింది. క్యాబ్ రేటు చూసి మా తమ్ముడు నడుద్దాం అన్నాడు. అయితే ఒక్క న్యాయం చెప్పాలి, ఇరవై ఏళ్ళ పిల్లలు మా ముందు వరసలో ప్రతి పాటా చరణాలతో సహా పాడారు, గాయకుడు మర్చిపోయిన లైను కూడా. వాళ్ళ కోసం రెండు.

ఆదివారం పొద్దున పద్మారావునగర్‌లో తెలిసినవాళ్ళ ఇంట్లో కచేరీ. స్కందగిరి గుడి చుట్టుపక్కల ఆ పేటల్లో కర్ణాటక సంగీతం వినేవాళ్ళు తరాలుగా ఉన్నారు. హాల్లో సోఫాలు బయటికి జరిపి జంపఖానా పరిచారు, ముప్ఫై మంది మించం. మైకు లేదు. అసలు లేదు. మృదంగం వాయించే అబ్బాయి రాగానే చిన్న గిన్నెలో రవ్వ తడిపి, ముద్ద చేసి ఎడమ వైపు చర్మానికి, తొప్పి అంటారు దాన్ని, అద్ది, తట్టి, కాస్త గీకేసి, మళ్ళీ తట్టి, ఆ గుమ్మనే నాదానికి చెవి పెట్టి చూసుకోవడం దగ్గర నుంచి చూశాను. వేదికల మీద ఇది ఎప్పుడూ తెర వెనకే అయిపోతుంది. తర్వాత కుడి వైపు అంచుని రాయితో కొట్టి శ్రుతి చేసుకున్నాడు, శనివారం అన్ని వేల వాట్ల మీద వినిపించని 'ధీం' ఆ గదిలో ఉత్తినే వినిపించింది. కాంభోజి రాగం పాడినాయన గొంతు పెద్దదేమీ కాదు. మైకు లేదు గనక అరవలేదు, మనం ముందుకి వంగి విన్నాం, ఫోన్లు ఎవరూ తియ్యలేదు, తీస్తే ముప్ఫై మందికీ కనబడుతుంది కాబట్టి. మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం మొదలవగానే కొందరు కాఫీకి లేవడం ఇంట్లో కూడా తప్పలేదు, ఆ జబ్బుకి మందు లేదు. తర్వాత ఇడ్లీ, అల్లం పచ్చడి, ఫిల్టర్ కాఫీ. తొమ్మిదిన్నర, అర మార్కు ఎందుకు తగ్గించానంటే పిలవకపోతే వెళ్ళలేం.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. హాలు ఏదైనా స్పీకర్ ముందు కూర్చోకండి, మిక్సర్ బల్ల ఎక్కడుందో చూసి దానికి ఒకటి రెండు వరసల ముందు కూర్చోండి, సౌండ్ చూసేవాడు తన చెవికి ఎలా వినిపిస్తే అలాగే సర్దుతాడు. శిల్పకళావేదిక లాంటి రెండున్నర వేల సీట్ల హాలుకి ఇది మరీ ముఖ్యం. రాత్రి ప్రోగ్రాములకి మెట్రో ఆఖరి బండి టైము చూసుకుని వెళ్ళండి. నవంబర్ ఆఖర్లో హిందుస్తానీ గాయకుడు పండిట్ జస్‌రాజ్ గారు తన తండ్రి మోతీరామ్, అన్న మణిరామ్ పేరిట నడిపిన సంగీత సమారోహ్‌కి డబ్బులు అక్కర్లేదు, మోతీరామ్ గారు 1934లో ఈ ఊళ్ళోనే పోయారు, అందుకే కొడుకు ఆ పండగని ఇక్కడే చేసేవారు. డిసెంబర్ 4 ఘంటసాల జయంతి, ఆ చుట్టుపక్కల హాళ్ళన్నీ ఆయన పాటలతోనే నిండుతాయి. కార్డులో అయిదున్నర అని ఉంటే ఏడింటికి బయల్దేరండి, ముందు వరసలో అతిథుల కుర్చీలు అప్పటికి ఖాళీ అవుతుంటాయి.