రామ్మూర్తి నగర్‌లో నాలుగు ప్రశ్నలడిగి గానీ నొప్పి మాత్ర ఇవ్వని మెడికల్ షాపు

5కి 5 ఇస్తున్నా. షాపు చిన్నది, బండి పెట్టుకోడానికి చోటుండదు, యాప్‌లలో వచ్చేంత డిస్కౌంట్ కూడా రాదు. అయినా 5 ఎందుకంటే కౌంటర్లో ఉండే ఫార్మసిస్ట్ మేడం లాంటి మనిషిని బెంగళూరులో నేను ఇంకో షాపులో చూళ్ళేదు.

మా అమ్మ మదనపల్లె నుంచి వచ్చింది, మోకాళ్ళ అరుగుదల, మెట్లు దిగాలంటే ఏడుపొక్కటే తక్కువ. ఇక్కడ డాక్టరుకి చూపిస్తే ఎటోరికాక్సిబ్ 60 అనే నొప్పి మాత్ర రోజుకొకటి అన్నం తిన్నాక వేసుకోమని రాశారు. మామూలుగా అయితే చీటీ ఇవ్వగానే స్ట్రిప్పు చేతిలో పెట్టి డబ్బులు తీసుకుంటారు కదా, ఈమె (కోలారు వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడతారు) మాత్ర తీయకముందే అమ్మని అడిగారు, "అమ్మా, బీపీ షుగరుకి మాత్రలేమన్నా వేసుకుంటా ఉండారా? కడుపులో పుండు ఎప్పుడన్నా వచ్చిందా? గుండె జబ్బేమన్నా ఉందా? కిడ్నీ టెస్టు చేయించి ఎన్నాళ్ళయింది?" అని. బీపీకి ఒక్కటే మాత్ర పాపా అంది అమ్మ, దాని పేరు తెలీదు. ఇంటికి ఫోన్ చేసి స్ట్రిప్పు ఫోటో తెప్పిస్తే అది టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర. షాపులోనే మిషన్ పెట్టి చూస్తే బీపీ 160 దాటి ఉంది, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసినా అంతే.

అప్పుడు అమ్మకి అర్థమయ్యేలా చెప్పారు చూడండి, అది నాకు చాలా నచ్చింది. ఈ రకం నొప్పి మాత్రలు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా ఆపుతాయి, వాపూ నొప్పీ తగ్గేది అందుకే, కానీ కడుపు లోపలి పొరని కాపాడేవీ కిడ్నీలకి రక్తం సరిగ్గా అందేలా చూసేవీ కూడా అవే. బీపీ మందు, అందులోనే ఉన్న నీళ్ళ మందు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది), పైన ఈ నొప్పి మాత్ర, మూడూ కలిస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు, వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఇంకా ప్రమాదం. ఎటోరికాక్సిబ్ పాత మాత్రలంత కడుపుని పాడుచెయ్యదు గానీ బీపీని పెంచుతుంది, 140/90 కిందికి దిగనివాళ్ళకి వాడకూడదు. ఇదే జాతికి చెందిన రోఫెకాక్సిబ్‌ని గుండెపోట్ల వల్ల 2004లో తయారుచేసిన కంపెనీయే మార్కెట్లోంచి తీసేసింది, అంటే గుండె సంగతి అడగడం ఊరికే చాదస్తం కాదు.

మందు తనంతట తాను మార్చలేదు, అది ముఖ్యం. చీటీ మీదున్న నంబరుకి ఫోన్ చేసి డాక్టరుతో మాట్లాడారు, ఆయన కూడా విసుక్కోకుండా విని ముందు బీపీ సంగతి చూద్దాం, అందాకా పారాసెటమాల్, మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ అన్నారు, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ టెస్టు రాశారు. బిల్లు తక్కువే అయింది, షాపుకి అమ్మకం పోయినా ఆమె పట్టించుకోలేదు.

ఇంకోటి, మా పక్కింటి అంకుల్‌కి గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల కీళ్ళు వాచే జబ్బు) వచ్చినప్పుడు రాసిన ఎటోరికాక్సిబ్ 120 మిగిలుంటే అమ్మకి ఇస్తానన్నారు. ఆ మాట చెప్తే మేడం గట్టిగానే చెప్పారు, 120 అనేది గౌట్ లాంటి ఉన్నట్టుండి వచ్చే నొప్పికే, అదీ 8 రోజులు మించకూడదు, ఒకరికి రాసింది ఇంకొకరు వేసుకోవద్దని. మన ఊళ్ళలో ఇది చాలా ఎక్కువండీ, నొప్పి అనగానే డబ్బాలోంచి మాత్ర తీసి ఇచ్చేస్తారు, ప్రేమతోనే ఇస్తారు, కానీ స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉందంటే డాక్టరు రాస్తేనే వాడాలని అర్థం.

మేము అక్కడుండగానే ఒక కుర్రాడొచ్చి జ్వరం, ఒళ్ళు నొప్పులు, ఎసిక్లోఫెనాక్ (ఇదీ ఇలాంటి నొప్పి మాత్రే) ఇవ్వండి అన్నాడు. వానలు, డెంగీ సీజను. ఇవ్వలేదు, ప్లేట్‌లెట్లు పడిపోతే ఇవి రక్తస్రావం పెంచుతాయి, పారాసెటమాల్ వేసుకుని రక్తం టెస్టు చేయించుకో నాయనా అని పంపారు. పైగా ఎసిక్లోఫెనాక్ చాలా స్ట్రిప్పుల్లో పారాసెటమాల్ 325 కలిసే వస్తుంది, దాని మీద తెలీక ఇంకో పారాసెటమాల్ 650 వేసుకునేవాళ్ళు ఎంతమందో.

కట్ చేసేటప్పుడు మందు పేరు, ఎక్స్‌పైరీ మన ముక్క మీదే ఉండేలా చూసి కట్ చేస్తారు, కవర్ మీద "తిన్నాక" అని తెలుగులో రాసిస్తారు. నొప్పి మాత్ర వేసుకునేవాళ్ళకైతే విరేచనం తారులా నల్లగా అయినా, కాళ్ళు వాచినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా మాత్ర ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి పోండి అని నోటితో కూడా చెప్తారు.

సాయంత్రం రష్ ఉంటుంది, ఆమె అందర్నీ అడుగుతారు కాబట్టి లైను నిదానంగా కదుల్తుంది, తొందరపెట్టకండి. ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు. వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళు వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి.