పంటికి బాండింగా, వెనీరా?

ముందుపన్ను అంచు విరిగినా, పళ్ల మధ్య చిన్న సందున్నా మొదట బాండింగే చూడండి, అంటే పంటి రంగు పదార్థాన్ని నేరుగా పంటికి అంటించి ఆకారం సరిచేయడం. ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్‌ను ఎనామెల్‌పై (పంటి గట్టి పైపొరపై) 15–30 సెకన్లు ఉంచి కడుగుతారు. బాండింగ్ ద్రవం పూసి, కాంపోజిట్‌ను (పంటి రంగు రెసిన్ పదార్థాన్ని) 2 మి.మీ. మించని పొరలుగా వేసి, ఒక్కో పొరను నీలికాంతితో గట్టిపరుస్తారు. పన్ను అరగదీయడం దాదాపు ఉండదు. మధ్యలో ఉమ్మి తగిలిందా, పట్టు పోయి తర్వాత ఊడుతుంది. టీ, కాఫీ మరకలు పడతాయి. పెచ్చు లేస్తే మాత్రం ఆ కాస్త చోటే సరిచేయవచ్చు.

పోర్సెలిన్ వెనీర్, అంటే పంటి ముందువైపు అంటించే పలుచని పింగాణీ పెంకు, రంగు మారదు, పదేళ్లు దాటినా నిలవగలదు. కానీ సాధారణంగా 0.3–0.7 మి.మీ. ఎనామెల్ చెక్కాలి, అది తిరిగి రాదు. పగిలితే చాలాసార్లు మొత్తం మార్చాల్సిందే. చిన్న పెచ్చు కోసం ఇంత దూరం వెళ్లడం దండగ. చాలా పళ్ల రంగు లోపలి నుంచే ముదిరితే వేరే మాట.

నిద్రలో పళ్లు నూరే అలవాటుంటే ఏది వేయించుకున్నా నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) తప్పదు. పళ్లను తెల్లబరిచే బ్లీచింగ్ చేయించాలంటే బాండింగ్‌కు రెండు వారాల ముందే ముగించాలి: పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెసిన్‌ను సరిగా గట్టిపడనివ్వదు, పైగా కాంపోజిట్ తర్వాత తెల్లబడదు.