ఆరుగురితో నడిచిన క్విల్టింగ్ క్లాసు ఎలా ఉందంటే

ఆరు వారాల క్విల్టింగ్ క్లాసు అయిపోయింది, నా మొదటి క్విల్ట్ (ముక్కలు కలిపి కుట్టి, మధ్యలో దూది పొర పెట్టిన దుప్పటి) మంచం మీద పరిచి ఉంది, అన్నీ గుర్తున్నప్పుడే రాసేద్దామని కూర్చున్నా. వారానికి ఒక రోజు, మూడు గంటలు, బ్యాచ్‌లో ఆరుగురం. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళు చేరండి, కానీ బ్యాచ్‌కి ఎంతమందిని తీసుకుంటారో అడిగి మరీ చేరండి. క్లాసు బాగుంటుందా లేదా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

నేను అంతకుముందు ఏడాది పాటు వీడియోలు చూసి కుట్టా. మిషన్ కుట్టడం వచ్చు, ఓపిక ఉంది, మంచి కాటన్ బట్ట ఉంది, అయినా బ్లాకులు, అంటే చిన్న ముక్కలు కలిపి కుట్టిన చదరాలు, ఒకదానితో ఒకటి కలిసేవి కావు. రెండున్నర అంగుళాల గళ్ళు తొమ్మిది, వరసకి మూడు చొప్పున కలిపి కుడితే, కుట్లలో పోయేది పోగా బ్లాకు ఆరున్నర రావాలి కదా, నాది ఎప్పుడు కుట్టినా ఆరుంపావే. దాని పక్కన పెట్టే సాదా ముక్క మాత్రం సరిగ్గా ఆరున్నరకి కత్తిరించి ఉంటుంది, ఇక రెండూ ఎలా కలుస్తాయి, లాగి లాగి పిన్నులు పెట్టి కుట్టేదాన్ని, మధ్యలో ఉబ్బేది. కటింగ్‌లో తప్పేమో అనుకుని మళ్ళీ మళ్ళీ కత్తిరించా, ఎంత బట్ట పోయిందో.

రెండో క్లాసులో మేడం అందరి చేతా ఒకటే పని చేయించారు. ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీని స్కేలుతో కొలవమన్నారు. కుట్టు బట్ట అంచు నుంచి సరిగ్గా పావు అంగుళానికి పడితే మధ్య పట్టీ కచ్చితంగా ఒక అంగుళం ఉండాలి. నాది అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ వచ్చింది. అంటే ఒక్కో కుట్టు పదహారో వంతు ఎక్కువ లోపలికి పడుతోంది, కుట్టుకి రెండు వైపులా బట్ట పోతుంది కాబట్టి అది రెండింతలవుతుంది, బ్లాకులో వరసకి రెండు కుట్లు, అక్కడే పావు అంగుళం పోయింది. ఏడాదిగా పట్టుకోలేకపోయిన తప్పు పది నిమిషాల్లో దొరికింది!

ఆవిడ నా మిషన్ దగ్గరికి వచ్చి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు, కుట్టమ్మా అని ఊరికే చూశారు. నా మిషన్‌కి ఉన్న పాదం (సూది దగ్గర బట్టని నొక్కి పట్టే భాగం) పావు అంగుళం పాదమే, అందులో లోపం లేదు, కానీ కుట్టేటప్పుడు నా కుడిచేయి బట్టని కొంచెం బయటికి నెడుతోందట. నాకు అసలు తెలీదు ఆ సంగతి. మిషన్ పళ్ళెం మీద పాదం ముందు చిన్న అంటించే కాగితాల కట్ట ఒకటి గోడలా అతికించి, బట్ట అంచు దానికి ఆనించి నడపమన్నారు. పైగా పావు కంటే ఒక దారం మందం తక్కువ కుట్టాలన్నారు, ఎందుకంటే ఇస్త్రీ చేసి, వెనకవైపు కుట్టు అంచుల మడత పక్కకి వాల్చినప్పుడు ఆ మడతలోనే కాస్త బట్ట పోతుంది. ఏ వీడియో అయినా నా చేతిని చూడలేదు కదండీ, అందుకే చిన్న బ్యాచ్ అని ఇంతగా చెప్తున్నా.

మొదటి క్లాసు అంతా కటింగే, ఒక్క కుట్టు కూడా వేయలేదు. రోటరీ కట్టర్ (చక్రంలా తిరిగే బ్లేడున్న కట్టర్), దాని కింద వేసే మ్యాట్, అక్రిలిక్ స్కేలు, ఈ మూడూ చేతికి అలవాటు అవ్వడమే పాఠం. కట్టర్ కింద పెట్టిన ప్రతిసారీ బ్లేడు మూయాల్సిందే, ఒక్కసారి మర్చిపోయినా ఆవిడ ఆపేసేవారు, అది బాగా నచ్చింది నాకు. ఓల్ఫా కంపెనీ 1979లో ఈ కట్టర్ తెచ్చేదాకా కత్తెరతో ఒక్కో ముక్కా కోసుకునేవాళ్ళని చెప్పారు, ఇప్పుడు నాలుగు పొరలు ఒకేసారి తెగుతుంటే ఆ మాట విలువ తెలుస్తుంది.

ఇస్త్రీ గురించి కూడా ఒక మాట. మనం బట్టలకి చేసినట్టు పెట్టెని అటూ ఇటూ తోయకూడదు, పెట్టి, నొక్కి, ఎత్తాలి, లేకపోతే ముక్క సాగిపోతుంది. మొదటి వరస మడతలు ఒకవైపుకి, రెండో వరసవి రెండో వైపుకి వాల్చాలి, అప్పుడు రెండు వరసలూ ఎదురెదురు పెడితే మడతలు ఒకదానికొకటి తగిలి ఆగుతాయి, కళ్ళు మూసుకుని వేలితో తడిమినా తెలిసిపోతుంది. ఆ చోట గుండుసూది గుచ్చి కుట్టా, విప్పి చూస్తే నాలుగు మూలలూ ఒకే చుక్క దగ్గర కలిశాయి. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయా.

మూడో వారం త్రికోణాలు. రెండు చదరాలు ఎదురెదురు పెట్టి, ఐమూలగా గీత గీసి, గీతకి రెండు పక్కలా పావు అంగుళం దూరంలో కుట్టి, తర్వాత గీత మీద కోస్తే రెండు బ్లాకులు వస్తాయి. లెక్క ప్రకారం పూర్తయ్యాక కావాల్సిన కొలతకి ముప్పావు పైన ఇంకో ఎనిమిదో వంతు కలిపి కత్తిరించాలి, కానీ కొత్తవాళ్ళు నిండుగా ఒక అంగుళం కలుపుకుని, కుట్టాక సరిచేసి కోసుకుంటే మంచిదని ఆవిడ సలహా. కొంచెం బట్ట ఎక్కువ పడుతుంది గానీ మనశ్శాంతి ఉంటుంది. నాలుగో వారం బ్లాకులన్నీ వరసలు కలపడమే, చెప్పడానికి పెద్దగా ఏం లేదు.

ఐదో వారం మాత్రం ఒళ్ళు నొప్పులు. కింది బట్ట వెనకవైపు పైకి వచ్చేలా నేల మీద టేపుతో అంటించాలి, బిగుతుగా ఉండాలి కానీ సాగకూడదు, దాని మీద బ్యాటింగ్, అంటే మధ్యలో వేసే దూది లాంటి పొర, దాని మీద మనం కుట్టిన పై భాగం. కింది బట్టా, బ్యాటింగూ రెండూ చుట్టూ రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉండాలి. మధ్యలోంచి మొదలుపెట్టి బెత్తెడు దూరానికి ఒక పిన్నీసు. తర్వాత వాకింగ్ ఫుట్‌తో తిన్నటి గీతలు కుట్టాం, ఆ పాదం పై పొరని కూడా, మిషన్ అడుగున బట్టని నడిపే పళ్ళతో సమానంగా లాగుతుంది కాబట్టి ముడతలు రావు. ఎంత దూరానికి ఒక కుట్టు పడాలో బ్యాటింగ్ కవర్ మీదే రాసి ఉంటుంది, అది చూడకుండా కుట్టకండి.

లోటు చెప్పాలంటే ఆరో వారం. అంచు పట్టీ మొత్తం ఒక్క క్లాసులో ఇరికించేశారు. రెండున్నర అంగుళాల పట్టీని సగానికి మడిచి చుట్టూ కుట్టడం తేలికే, మూల తిప్పడమే కష్టం. మూలకి పావు అంగుళం ముందే ఆగి, పట్టీని పైకి మడిచి మళ్ళీ కిందికి తేవాలి. నాకు నాలుగు మూలల్లో రెండే కుదిరాయి, మిగతావి ఇంటికొచ్చి విప్పి కుట్టుకున్నా. దీనికి ఇంకో మూడు గంటలు ఉండాల్సింది, ఆవిడకి కూడా ఇదే చెప్పా. ఇస్త్రీ పెట్టెలు రెండే ఉండటం ఇంకో ఇబ్బంది, మూడో వారం క్యూలోనే చాలా టైం పోయింది.

ఇదే కాకుండా మధ్యలో ఇంకోచోట ఒకరోజు వర్క్‌షాప్‌కి కూడా వెళ్ళా, పేరు రాయను. మిషన్ కింది పళ్ళు దించేసి బట్టని మన చేతులతో తిప్పుతూ కుట్టే ఫ్రీ మోషన్ నేర్పిస్తామన్నారు. తీరా చూస్తే పాతికమంది, మిషన్లు ఐదు, నా వంతు వచ్చేసరికి పావుగంట మిగిలింది. చేయి వేగానికీ కాలు వేగానికీ పొంతన కుదరాలంటే గంటలు కుట్టాలి, పావుగంటలో ఎవరికి వస్తుంది. నేర్పినావిడకి పని బాగా వచ్చు, అందులో సందేహం లేదు, కానీ అంతమందిలో ఎవరి దగ్గరికని వెళ్తారు. చాలా బాధగా ఇంటికొచ్చా.

అందుకే ఎక్కడ చేరినా ముందు మనిషికో మిషన్ ఉంటుందా, మన మిషన్ తెచ్చుకోవచ్చా అని అడగండి. తెచ్చుకోనిస్తే బరువైనా సరే మోసుకెళ్ళండి, ఎందుకంటే అక్కడి మిషన్ మీద కుదిరిన పావు అంగుళం ఇంట్లో మిషన్ మీద కుదరకపోవచ్చు. ఇప్పటికే నాలుగైదు క్విల్టులు పూర్తి చేసినవాళ్ళకి ఈ ఆరు వారాల క్లాసు అక్కర్లేదు, మొదటి మూడు వారాలు తెలిసినవే అనిపిస్తాయి. వాళ్ళకి అదే మేడం దగ్గర పేపర్ పీసింగ్ బ్యాచ్ వేరే ఉంది, కాగితం మీద గీసిన గీతల వెంబడే కుట్టి తర్వాత కాగితం చింపేసేది. దానికి నేనూ పేరిచ్చా, వచ్చే నెల మొదలు, ఈసారీ ఆరుగురే అని కనుక్కున్నాకే.