బ్లూబెల్స్ కోసం మూడు చోట్లు: క్యూ, యాష్‌రిడ్జ్, హాలర్‌బాస్

ఇంగ్లండ్ దక్షిణ ప్రాంతంలో బ్లూబెల్స్, అంటే నీలి గంటల్లా వేలాడే అడవి పూలు, ఏప్రిల్ మధ్యలో మొదలై మే మొదటి వారాల దాకా పూస్తాయి. పైన చెట్లు ఇంకా పూర్తిగా ఆకు వేయవు కాబట్టి అప్పటికి నేల మీద ఎండ పడుతుంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే ఆకు, పువ్వు, గింజ అన్నీ కానిచ్చేసుకుని, నీడ కమ్మేసరికి మళ్ళీ గడ్డలోకి సర్దుకుంటాయి. కాబట్టి సెలవు మన వీలు చూసుకుని పెడితే కుదరదు, పూల వీలు చూడాలి. గుంటూరు నుంచి అమ్మ, నాన్నగారు వచ్చి మా దగ్గరే ఉండటంతో ఈసారి గట్టిగా పట్టుబట్టి తిరిగాం.

లండన్‌లోని వృక్షోద్యానం క్యూ గార్డెన్స్ ఖరీదైన చోటు. టికెట్ తలా 20 పౌండ్లు దాటుతుంది. పూలు చూడటానికి అంత పోయాలా అని నాన్నగారు గొణిగారు. కానీ మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు చదునైన దారులు, కూర్చోవడానికి బెంచీలు, శుభ్రమైన టాయిలెట్లు ఇక్కడే దొరికాయి. బ్లూబెల్స్ ఉండేది గేటుకు బాగా దూరంగా, క్వీన్ షార్లెట్ కాటేజీ చుట్టూ. విక్టోరియా రాణి 1898లో ఆ కాటేజీని, దాని చుట్టూ ఉన్న అడవిని క్యూకి ఇస్తూ, సహజంగా ఉన్నదాన్ని అలాగే ఉంచాలని షరతు పెట్టింది. ఇవాళ మనం చూసే నీలం ఆ షరతు పుణ్యమే.

బ్లూబెల్ రకాల పోలిక పట్టడం నేర్చుకున్నదీ అక్కడే, కాకపోతే సగం పాఠం గేటు బయట జరిగింది. అడవిలోని అసలు బ్లూబెల్ కాడ ఒక పక్కకు వంగి ఉంటుంది, పూలన్నీ ఆ పక్కనే వేలాడతాయి. పువ్వు సన్నని గొట్టంలా ఉండి, రేకుల కొనలు బాగా వెనక్కి చుట్టుకుంటాయి. లోపల పుప్పొడి మీగడ రంగు. స్టేషన్‌కి నడిచొస్తుంటే ఓ ఇంటి ముందు మరో రకం కనబడింది: కాడ నిటారుగా, పూలు చుట్టూరా, గంట నోరు విచ్చుకుని, ఆకులు వెడల్పుగా, పుప్పొడి నీలంగా. అదే స్పానిష్ బ్లూబెల్. అమ్మ వంగి వాసన చూసి, "ఇది కనకాంబరం లాంటిదిరా, వాసన లేదు" అని తేల్చేసింది. ఈ రెండూ కలిసి పుట్టిన సంకరాలు పట్టణాల్లో ఎక్కువ. వాటితోనే అసలు తలనొప్పి, ఒక్క గుర్తు చూసి చెప్పలేం. పుప్పొడి, ఆకు, వంపు మూడూ కలిపి చూడాలి.

డబ్బుకు తగ్గ చోటు ఏదంటే నేను యాష్‌రిడ్జ్ అంటాను. హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థ వారి ఎస్టేట్ అది, అందులో డాకీ వుడ్ పేరున్న బ్లూబెల్ అడవి. పూల కాలంలో వారాంతాలకు టికెట్ ముందే తీసుకోవాలి. లండన్ యూస్టన్ నుంచి ట్రింగ్‌కి రైలుంది, కానీ ట్రింగ్ స్టేషన్ ఊరికి సుమారు 2 మైళ్ళ అవతల. మాకు టాక్సీ ఒక పట్టాన దొరకలేదు, పెద్దవాళ్ళతో అయితే కారే మేలు. టీకి, టాయిలెట్‌కి ఎస్టేట్‌లోనే బ్రిడ్జ్‌వాటర్ మాన్యుమెంట్ దగ్గరున్న సందర్శకుల కేంద్రానికి పోయి, ఆ పని చూసుకుని రండి. దగ్గర్లోని ఒక పబ్‌లో పై గదులు తీసుకున్నాం. కింద అర్ధరాత్రి దాకా గోల, పొద్దున శాకాహారం అంటే బ్రెడ్డూ బీన్సూ. అయినా అక్కడ పడుకోబట్టే జనం రాకముందు అడవిలో ఉన్నాం. తేమకు ఆ తీపి వాసన నేల నుంచి లేస్తుంటే అమ్మ ఫొటోల మాటే మరిచిపోయింది.

తాళ్ళు కట్టిన హద్దులు అక్కడ ఊరికే పెట్టలేదు. ఆకు నలిగితే గడ్డకు ఆ ఏడాది తిండి ఉండదు. గింజ పడి మొక్కై పూయడానికి 5 నుంచి 7 ఏళ్ళు పడుతుంది. ఫొటో కోసం పూల మధ్య కూర్చునేవాళ్ళను చూస్తే నాకు మండిపోతుంది, అందులో మనవాళ్ళూ ఉన్నారు మరి.

బెల్జియంలోని హాలర్‌బాస్ అడవికి అమ్మా నాన్నగారు రాలేకపోయారు. బ్రిటన్ విజిటర్ వీసా అక్కడ చెల్లదు, షెంగెన్ వీసా వేరే తీసుకోవాలి. బ్రస్సెల్స్ మిడి నుంచి హాలె ఊరికి రైల్లో కొద్ది నిమిషాలే. పూల కాలంలో స్టేషన్ నుంచి అడవికి బస్సులు నడుపుతారు, ప్రవేశం ఉచితం. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఇక్కడి చెట్లను చాలావరకు నరికేస్తే, 1930–1950 మధ్య మళ్ళీ నాటారు. అందుకేనేమో బీచ్ చెట్లు నిలువుగా, ఒకే ఈడువిలా కనిపిస్తాయి. చూపుకి మూడింటిలో ఇదే గొప్ప, అందులో సందేహం లేదు. కానీ శనివారం జనంలో పువ్వు దగ్గర నిలబడి పరీక్షగా చూసే వీలు లేదు, మామూలు రోజున పొద్దున్నే వెళ్ళండి. వాగు పక్కన తెల్లగా పూసే అడవి వెల్లుల్లి కూడా ఉంది. పచ్చడి చేద్దామని అమ్మ ఫోన్లో అంది గానీ, దాని మధ్యలోనే విషపు ఆరమ్ ఆకులు మొలుస్తాయి. ఒక్క ఆకు నలిపినా వెల్లుల్లి వాసన చేతికి పట్టేస్తుంది, ఇక తర్వాతి ఆకును వాసనతో తేల్చలేం.

నాన్నగారికి మాత్రం ఒక గడ్డ గుంటూరు పట్టుకుపోవాలని ఆశ. చలి తగలందే ఇది పూయదు. పైగా బ్రిటన్‌లో 1981 నాటి చట్టం ప్రకారం స్థలం యజమాని అనుమతి లేకుండా అడవి మొక్కను పెకలించడం నేరం, 1998 నుంచి అడవి బ్లూబెల్ గడ్డల అమ్మకమూ నిషిద్ధం. ఇంటి దగ్గర మే నెలలో ఎర్రగా పూసే ఫుట్‌బాల్ లిల్లీ చాల్లే అని చివరికి ఆయనే సర్దుకున్నారు.

బ్రిటన్‌లో పెరడున్నవాళ్ళు నర్సరీలో పెంచిన గడ్డలని రాసి ఉన్నవే, హయసింథాయిడిస్ నాన్‌స్క్రిప్టా అన్న పూర్తి పేరు చూసి కొనండి. ఆకు రాల్చే చెట్టు కింద, ఆకుల ఎరువు కలిపి, శరదృతువులో 10 సెంటీమీటర్ల లోతున నాటాలి. పూత అయ్యాక ఆకు పసుపెక్కేదాకా కత్తిరించొద్దు. దగ్గర్లో పాత అడవి ఉంటే స్పానిష్ రకం జోలికి పోవద్దు, తీసేసిన గడ్డల్ని అడవి అంచున పారేయొద్దు.