మద్దిలపాలెం నెట్ సెంటర్‌లో ఉరికంబం ఆట

విశాఖ మద్దిలపాలెంలో, విశ్వవిద్యాలయానికి నడిచి వెళ్లేంత దూరంలో నాదో ఇంటర్నెట్ సెంటర్ ఉంది. దరఖాస్తుల గడువు ముగిసే రోజున సర్వర్ కదలదు, కుర్చీల్లో కూర్చున్నవాళ్లు లేవరు, వెనక నిలబడ్డవాళ్లు ఇంటికి పోరు. వాళ్ల కాలక్షేపానికి పెట్టిన ఆట హ్యాంగ్‌మన్. బడిలో నోటు పుస్తకం చివరి పేజీలో అందరూ ఆడిందే. దాచిన మాటను ఒక్కో అక్షరం చెబుతూ కనుక్కోవాలి, తప్పు చెప్పినప్పుడల్లా ఉరికంబం కింద బొమ్మకు ఒక అవయవం వస్తుంది. సెంటర్‌లోని విండోస్ యంత్రాల మీద, మూలనున్న ఉబుంటు (ఉచితంగా దొరికే లైనక్స్ వ్యవస్థ) యంత్రం మీద, మా మేనల్లుడి మ్యాక్‌బుక్ మీద కూడా ఆడి చూశాను.

అన్నిటికన్నా భయపెట్టేది ఉబుంటు టెర్మినల్‌లోని, అంటే ఆదేశాలు టైపు చేసే తెరలోని పాత ఆటే. బీఎస్‌డీ గేమ్స్ అనే ప్యాకేజీలో ఉచితంగా వస్తుంది. నల్లటి తెర, నాలుగు గీతల ఉరికంబం, అంతే. రంగుల్లేవు, సంగీతం లేదు. మొదటి తప్పుకు తల స్థానంలో ఇంగ్లిష్ 'ఓ' అక్షరం పడుతుంది. తర్వాతి రెండు తప్పులకు రెండు నిలువు గీతలతో మొండెం. నాలుగో తప్పుకు చెయ్యి వస్తుందనుకుంటాం, కాలు వస్తుంది, అదీ ఒక్కటే. చేతుల్లేని ఒంటికాలి బొమ్మ అక్కడ వేలాడుతూ ఉంటుంది. ఐదు, ఆరు తప్పులకు చేతులు, ఏడో తప్పుకు రెండో కాలు, దాంతో ఆట ముగుస్తుంది. ఈ వరుస ఎవరు ఎందుకు పెట్టారో గానీ, ఎన్ని రంగుల దయ్యాలను తెచ్చి నిలబెట్టినా ఆ నాలుగో తప్పుకు సాటిరావు. మాటకు సగటున ఎన్ని తప్పులు చేశారో పక్కనే చూపిస్తుంది కాబట్టి, పిల్లలు దరఖాస్తు సంగతి మరిచిపోయి ఆ అంకె తగ్గించుకునే పనిలో పడతారు.

మామూలుగా ఆరు అక్షరాలకు తక్కువైన మాటలు ఇవ్వదు. పెద్ద అక్షరంతో మొదలయ్యే ఊళ్ల పేర్లూ, మనుషుల పేర్లూ రావు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఉబుంటులో సాధారణంగా ఉండే మాటల పట్టిక అమెరికా వర్ణక్రమానిది. ఓడరేవు పక్కన పుట్టి పెరిగిన పిల్ల 'హార్బర్' మాటలో 'యు' అక్షరం నొక్కితే తప్పంటుంది! బ్రిటిష్ పట్టిక వేరే ప్యాకేజీగా దొరుకుతుంది. అది పెట్టుకుని, ఆట మొదలుపెట్టే ఆదేశంలో '-డి' తర్వాత ఆ ఫైలు పేరు ఇస్తే మన బడి ఇంగ్లిష్‌తో ఆడుకోవచ్చు.

విండోస్‌లో ఇదే ఆట కావాలంటే లైనక్స్ ఉపవ్యవస్థను, అంటే డబ్ల్యూఎస్‌ఎల్‌ను పెట్టుకోవాలి. పాత యంత్రాల్లో ముందు బయాస్‌లోకి, అంటే కంప్యూటర్ మూల అమరికల్లోకి వెళ్లి, ఒక వ్యవస్థలో మరోదాన్ని నడిపించే వర్చువలైజేషన్ తెరవాల్సి రావచ్చు. పైగా అందులో పెట్టిన ఉబుంటు ఏ విండోస్ ఖాతాలో పెడితే ఆ ఖాతాకే పరిమితం. సెంటర్‌లో నాకో ఖాతా, వచ్చినవాళ్లకో ఖాతా ఉంటాయి కాబట్టి చేసిన పనే మళ్లీ చేయాలి. ఆటలో తేడా ఏమీ లేదు, ఇంట్లో ఒక్కరే వాడే కంప్యూటర్ అయితే దిగులు పడక్కర్లేదు.

మ్యాక్‌లో నన్ను ఆకట్టుకున్నది ఆట కాదు, దానిలోని మాటల పట్టిక. 1934 నాటి వెబ్‌స్టర్ రెండో అంతర్జాతీయ నిఘంటువు నుంచి తీసిన ఆ పట్టికలో రెండు లక్షల ముప్ఫై వేలకు పైగా మాటలున్నాయి. ఆ ఫైలును నా ఉబుంటు యంత్రంలోకి తెచ్చి ఆడిస్తే సెంటర్‌లో గోల మొదలైంది. ఒకసారి 'జైథమ్' వచ్చింది, ప్రాచీన ఈజిప్టు బీరు. ఇంజినీరింగ్ కుర్రాడు అలవాటు ప్రకారం ఎ, ఇ, ఐ, ఓ వరసగా నొక్కాడు. ఒక్కటీ లేదు. ఒంటికాలి బొమ్మ ప్రత్యక్షం! "అన్నా, ఇది ఇంగ్లిషేనా?" అని నా వైపు తిరిగాడు. ధైర్యవంతులకు నా సిఫార్సు ఈ పట్టికే.

చిన్నపిల్లలకైతే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసే కేడీఈ వాళ్ల కేహ్యాంగ్‌మన్ నయం. లైనక్స్‌లో తేలిగ్గా దొరుకుతుంది. బొమ్మల నేపథ్యాలు, జంతువుల పేర్లు, తేలిక నుంచి కష్టం దాకా స్థాయిలు ఉంటాయి. భయం మాత్రం ఆవిరైపోతుంది. "ఉరి తీసే ఆట పిల్లల చేత ఆడిస్తారా అండీ?" అని ఒక తల్లి నిలదీసినప్పటి నుంచి పదేళ్లలోపు వాళ్లకు ఇదే తెరిచి ఇస్తున్నాను. ఆవిడ అభ్యంతరంలో న్యాయం ఉంది.

తెలుగులో ఆడదామంటే టెర్మినల్ ఆట ఇంగ్లిష్ అక్షరాలు తప్ప మరొకటి తీసుకోదు. దాన్ని తిరగరాయడమూ అంత సులువు కాదు. కైలాసగిరికి కాగితం మీద ఐదు గీతలు గీస్తాం. కంప్యూటర్ గుణింతపు గుర్తులను విడిగా దాచుకుంటుంది, దాని లెక్కలో అవి తొమ్మిది. తొమ్మిది ఖాళీలు చూసి కైలాసగిరిని ఊహించేవాడు విశాఖలో దొరకడు. గుణింతాన్ని, ఒత్తును హల్లుతో కలిపి ఒక్కటిగా లెక్కపెట్టే ఆట ఎవరైనా రాసి తెస్తే, మూలనున్న యంత్రం ఎంతసేపు కావాలన్నా వాడుకోవచ్చు, డబ్బులు తీసుకోను.