బండికి దొంగ అలారం: రేడియో జతా, సిమ్ మాడ్యూలా?

బండిలో ట్రాన్స్‌మిటర్, ఇంట్లో మోగే రిసీవర్ ఉండే 433 మెగాహెర్ట్జ్ రేడియో జత చవక. ఫోనుకు కాల్ చేసే సిమ్ మాడ్యూల్ ఖరీదు, పైగా రీచార్జి.

దూరం: రేడియోకి 17.3 సెంటీమీటర్ల తీగ యాంటెనాగా అతికిస్తే ఆరుబయట వంద మీటర్ల దాకా. స్లాబులు అడ్డొస్తే బాగా తగ్గుతుంది. సిమ్‌కి సిగ్నల్ ఉన్నంత మేర.

శ్రమ: రేడియో ఒక సాయంత్రం పని. తంటా అంతా సిమ్800ఎల్ అనే సిమ్ మాడ్యూల్‌తోనే. ఒక్కో క్షణం 2 ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్‌తో బండి బ్యాటరీ 12 వోల్టులను 4కి దించి, పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టకపోతే మాటిమాటికీ రీసెట్. ఇది పనిచేసేది 2జీ మీద మాత్రమే, జియోకి 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ కొనకండి.

రెండింటికీ ఒకటే బెడద: లారీ వెళ్లినా కుదుపు సెన్సర్ అరుస్తుంది. అలారాన్ని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు ఆర్డుయినో కోడులో వరసగా మూడు కుదుపులొస్తేనే మోగేలా పెట్టండి.

విజయనగరంలో మేడ కింద బండి ఉంచేవారికి రేడియో చాలు. ఆమదాలవలస స్టేషన్లో వదిలి విశాఖ రైలెక్కేవారికి సిమ్మే.